మమ్మీ అయితే చచ్చినట్టు కాదు

మా టీంలో ఒకాయనున్నాడు. ఏ గేము పేరెత్తినా "పార్ట్ టూలో కొత్తగా ఏముంది బాస్" అంటాడు. మొన్న టీ దగ్గర మెటల్ స్లగ్ 2 మీద పడ్డాడు. ఇద్దరమ్మాయిలు, ఒక ఒంటె, బోలెడంత ల్యాగు... అంతేనట!

లిస్టు చదివితే అలాగే ఉంటుంది. 1998లో ఎస్‌ఎన్‌కే వాళ్ళు మార్కో, టార్మాలకి తోడు ఎరి, ఫియోలని దింపారు. తుపాకీ కట్టిన ఒంటె, రెండు కాళ్ళ మీద గెంతే స్లగ్‌నాయిడ్, ఎగిరే స్లగ్ ఫ్లయర్, లేజర్ గన్ వచ్చాయి. మనం రిలీజ్ నోట్స్ రాసేదీ ఇట్లాగే కదా. క్లయింటు లిస్టు చూసి తల ఊపుతాడు, వాడేవాడు మాత్రం ఎక్కడో ఇరుక్కుంటాడు.

నేను ఈ గేము నేర్చుకున్నది శాలిబండ పక్క గల్లీలో, రూపాయి బిళ్ళ వేసి. (డబ్బా లోపల అసలు నియో జియో బోర్డుందో, నకలుందో మాలో ఎవడికీ తెలీదు.) మొదటి స్టేజీలో ఆ అరబ్బు బజారు చూసి "మన చార్మినారే రా" అని అరిచేవాళ్ళం. అక్కడ రూపాయంటే మాటలు కాదు. ఒక్క గుండు తగిలిందా, ప్రాణం పోయినట్టే. మొదటి భాగంలో ట్యాంకు దిగి నడిస్తే అంతే సంగతి. బతికుండాలి, లేకపోతే చావాలి, మధ్యలో ఏమీ లేదు.

రెండో భాగంలో ఆ మధ్యలోది వచ్చింది. పిరమిడ్ దగ్గర మమ్మీ ఊదిన గాలి తగిలితే చావవు, నువ్వే మమ్మీవవుతావు. కాళ్ళీడ్చుకుంటూ నడుస్తావు, చేతిలో ఉత్త పిస్టల్ మిగులుతుంది. అదే గాలి మళ్ళీ తగిలితే మాత్రం పోతావు. ఈలోపు మందు సీసా దొరికిందంటే మళ్ళీ మనిషివే. అలాగే కనిపించిన తిండల్లా మింగితే లావెక్కిపోతావు, "మోటా హోగయా రే" అని వెనక నిలబడ్డవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నడక తగ్గుతుంది కానీ గుండ్లు కూడా లావెక్కుతాయి! కాసేపటికి మళ్ళీ సన్నబడతావు.

దీన్ని మా వాడు జోకంటాడు. నా మటుకు నాకు సీక్వెల్ మొత్తంలో అసలు ఫీచర్ ఇదొక్కటే. తప్పు చేసినవాణ్ణి బయటికి గెంటకుండా, సగం బలంతో నడవనిచ్చి, కోలుకునే దారి పెట్టారు. మనమో? పక్కనున్న ఒక్క సర్వీసు పడిపోతే పేజీ మొత్తం తెల్లగా పెట్టి "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని చేతులు దులుపుకుంటాం. ఎస్‌ఎన్‌కే వాళ్ళు మాత్రం ఈ ఆలోచనని వదల్లేదు, 2000లో వచ్చిన మూడో భాగంలో జాంబీ అవ్వడం కూడా పెట్టారు.

ఇక ల్యాగు. ఉంది, కాదనను. స్క్రీన్ మీద జనం ఎక్కువైతే ఒక ఫ్రేముకిచ్చిన టైములో లెక్కలు పూర్తికాక ఆట మొత్తం నీళ్ళలో నడిచినట్టుండేది. దానికి "పాపం, పాత హార్డ్‌వేర్ కదా" అని జాలిపడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. 12 మెగాహెర్ట్జ్ 68000 ప్రాసెసర్, అదే నియో జియో. 1999లో అదే మెషీన్ మీద మెటల్ స్లగ్ ఎక్స్ వచ్చింది. శత్రువులు పెరిగారు, ల్యాగు బాగా తగ్గింది. అంటే జబ్బు బోర్డులో లేదు, కోడ్‌లో ఉంది. సర్వర్ పెంచండి అని క్లయింటు దగ్గర మనం చెప్పే కథకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. పైగా ఆ రిపేరు కొత్త గేము పేరుతో వచ్చింది. అది కావాలంటే షాపువాడు ఇంకో కార్ట్రిడ్జ్ కొనాల్సిందే.

కానీ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ల్యాగులో ఎదుటివాడి గుండు కూడా మెల్లగానే వచ్చేది. తప్పించుకోడానికి మాకు టైముండేది, అదే రూపాయికి ఇంకాసేపు ఆడేవాళ్ళం. ఎక్స్ అందరికీ మంచి వెర్షనేమో గానీ, జేబులో ఒకే బిళ్ళ ఉన్నవాడికి కాదు. అలాగని ఆ బగ్గు రాసినవాడికి దండ వెయ్యమనను, అది దయతో పెట్టింది కాదు. మమ్మీని మాత్రం కావాలనే పెట్టారు.

మా వాడు ఆడింది ఎమ్యులేటర్‌లో, చచ్చినప్పుడల్లా కంటిన్యూ నొక్కుకుంటూ. మమ్మీ అవడం వాడికేం తెలుస్తుంది? ఒక్క క్రెడిట్‌తో పిరమిడ్ దాటి చూపించమన్నాను. ఇంతవరకు జవాబు లేదు.