యంత్రము మనదే, తాళమెవరిది?

మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 వ్యవస్థకు సాధారణ భద్రతా సవరణలను నిలిపివేసిరి. వ్యక్తిగత వినియోగదారులకు ఒక యేడాది అదనపు గడువు ప్రకటింపబడినది గాని, గడువు పరిష్కారము కానేరదు. విండోస్ 11కు మారుడని వారి సలహా. ఆ వ్యవస్థ టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పును, తాము జాబితాలో చేర్చిన ప్రాసెసరును కోరుచున్నది. ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరమునకు పూర్వపువి సామాన్యముగా ఆ జాబితాలో లేవు. తెర మసకబారక, మీటలరుగక, చక్కగా పనిచేయుచున్న ల్యాప్‌టాపులెన్నో దీనితో కాలము చెల్లినవాని క్రింద లెక్కింపబడినవి.

మా వకీలు కార్యాలయములోని ల్యాప్‌టాపు అట్టిదే. ఎన్నియో దావాలు, అప్పీళ్లు దానిమీద తయారైనవి. విచారణ లేకయే దానికి శిక్ష పడినది.

ఇంతకును మనము కొన్నదేమి? యంత్రమును కొంటిమి, దానిని నడపు సాఫ్టువేరునకు లైసెన్సు మాత్రమే పొందితిమి. లైసెన్సుకును యాజమాన్యమునకును గల భేదము కోర్టు మెట్లెక్కిన ప్రతివాడును ఎఱుగును. ఇచ్చినవాని షరతులు మారినచో పుచ్చుకొన్నవాని బ్రతుకు మారును.

ఇది ఊహ కాదు. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల నెపమున, గుజరాతులో చమురుశుద్ధి కర్మాగారము నడపు నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్టువారు తమ ఈ-మెయిలు మున్నగు సేవలను నిలిపిరి. సొమ్ము చెల్లించిన కంపెనీ ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపవలసి వచ్చినది. సేవలు తరువాత పునరుద్ధరింపబడినవి. అవి ల్యాప్‌టాపులోని ఆపరేటింగు వ్యవస్థకు సంబంధించినవి కావన్నది నిజమే. కాని మన దేశపు చట్టము నిషేధింపని పనికి పరదేశపు ఉత్తరువు ఇచటి బల్లమీది వ్యవహారమును ఆపగలదని ఆ ఘటన తేటతెల్లము చేసినది.

మార్గాంతరము లేకపోలేదు. రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించెను. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్సు కెర్నెలును లోకమునకు విడుదల చేసెను. ఈ రెంటి కలయికవలన పుట్టిన వ్యవస్థను ఎవరైనను నడుపవచ్చును, లోపల పరీక్షింపవచ్చును, మార్చవచ్చును, పొరుగువానికి పంచవచ్చును. కేరళలో 2001లో మొదలైన ఐ.టి. ఎట్ స్కూల్ పథకము క్రమముగా పాఠశాలల కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్టువేరు మీద నిలిపినది. మన సీ-డాక్ సంస్థ బాస్ లైనక్సును రూపొందించినది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేయు వ్యవస్థకై పాటుపడిరి.

చిక్కులు లేవని మేము చెప్పము. మ్యూనిక్ నగరపాలకులు 2003లో లైనక్సుకు మార నిశ్చయించి, ఎంతో పని సాధించియు, 2017లో వెనుకకు మరలుటకే తీర్మానించిరి. మా కార్యాలయమునను స్కానరు రెండు దినములు మొరాయించినది. డిజిటల్ సంతకపు టోకెనుకు తగిన డ్రైవరును వెదకుటకు వారము పట్టినది. మన ముద్రణాలయములవారి చిక్కు మఱింత గట్టిది. అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన తెలుగు, ఆ ఫాంటు లేనిచోట అర్థము లేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడును. అనగా ఏండ్ల తరబడి మనము కూర్చిన గ్రంథములే తాళములో చిక్కియున్నవి. మనము లైనక్సుకు మారినను మారకున్నను, మన తెలుగును యూనికోడులోనికి మార్చి భద్రపఱచుట తక్షణ కర్తవ్యము.

తొందరపాటు కూడదు. మొదట కాగితములన్నిటిని వేఱొక డిస్కులోనికి నకలు తీయవలెను. పిదప ఉబుంటునో, లైనక్సు మింటునో పెన్‌డ్రైవుమీద నెక్కించి, డిస్కును ముట్టకయే దానినుండి నడిపి చూడవలెను. వైఫై, ప్రింటరు, ధ్వని, తెలుగు కీబోర్డు సరిగా నున్నవని తేలిన పిమ్మటనే స్థాపింపవలెను. విండోసు లేక సాగని పని యున్నచో దానిని ప్రక్కనే ఉంచుకొనవచ్చును. అందు సిగ్గుపడవలసినది లేదు.

పఠనాలయముల కార్యదర్శులకు మా మనవి యొక్కటి. మూలబడిన ల్యాప్‌టాపునొకదానిని తెప్పించి, ఒక ఆదివారము నలుగురి యెదుట ఈ ప్రయోగము చేయింపుడు. తెలిసిన యువకుడొక్కడు చాలును. మైక్రోసాఫ్టుతో మాకు వైరము లేదు. నచ్చినవారు సొమ్మిచ్చి వాడుకొందురు గాక. కాని గత్యంతరము లేక వాడుట వేఱు, ఎంచుకొని వాడుట వేఱు. ఇంటి తాళముచెవి యొకటి మన మొలలో నున్ననాడే ఆ ఇల్లు మనది.