షుగరు దిగింది సరే, రక్తంలో కొవ్వు ఎంతుంది?

రాజపాళయంలో, చుట్టుపక్కల ఊళ్లలో కడుపుతో ఉన్న ఆడపిల్లలూ వాళ్ల ఇంటివాళ్లూ ఈ మాట వెంటనే వినాలి. గర్భం వచ్చాక షుగరు బయటపడితే ఇంటిల్లిపాదీ చక్కెర అంకె చుట్టూనే తిరుగుతారు. అది దిగగానే గండం గడిచిందనుకుంటారు. గడవలేదు. అదే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు హద్దు దాటి పెరుగుతూ ఉండొచ్చు. అది నొప్పి పెట్టదు, నీరసం తేదు, వేలికొన గుచ్చి చూసే గ్లూకోమీటరుకు చిక్కదు. ఎవరూ అడగకపోతే ఆ అంకె కాన్పు అయ్యేదాకా ఎవరి కంటా పడదు.

గర్భిణుల షుగరు విషయంలో మన తమిళనాడు దేశానికి దారి చూపిన రాష్ట్రం. చెన్నైలో డాక్టర్ వి. శేషయ్య దశాబ్దాల పాటు పట్టు వదలకుండా పనిచేశారు. 2007లో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులందరికీ షుగరు పరీక్ష చేయాలని నిర్ణయించింది. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని ఇప్పుడు దేశమంతా గర్భిణుల షుగరు అవగాహన దినంగా జరుపుకుంటున్నారు. ఆయన బృందం తమిళనాడులో వేలమంది గర్భిణులను పరీక్షించి 2008లో ప్రచురించిన లెక్కల ప్రకారం నగరంలో నూటికి 17.8 మందికి, చిన్న పట్టణాల్లో 13.8 మందికి, పల్లెల్లో 9.9 మందికి షుగరు తేలింది. ఆ లెక్కన మన ఊరిలాంటి చోట ఏడుగురు గర్భిణుల్లో ఒకరు. మన వీధిలో, మన ఇంట్లో, మన మిల్లు గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో ఆ ఒకరు ఉన్నారు.

పరీక్షను కూడా పేదవాళ్ల కష్టం తెలిసినవాళ్లే రూపొందించారు. పరగడుపున రానక్కరలేదు. ఎప్పుడు తిన్నా సరే, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు. రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకు మించితే షుగరు ఉన్నట్టే. మొదటిసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలి. షిఫ్టు పోగొట్టుకుని ఖాళీ కడుపుతో మళ్లీ తిరగాల్సిన పని లేకపోవడం మిల్లు కార్మికురాలికి ఎంత మేలో చెప్పనక్కరలేదు. ఇంత మంచి ఏర్పాటులోనూ రక్తంలో కొవ్వు పరీక్ష తప్పనిసరి జాబితాలో లేదు. గర్భిణులందరికీ అది కావాలని మేమూ అనడం లేదు. షుగరు తేలినవాళ్ల విషయంలో మాత్రం డాక్టరును అడిగి తీరాలి. లావుగా ఉన్నవాళ్లు, గర్భానికి ముందే కొవ్వు ఎక్కువని తెలిసినవాళ్లు, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు, పుట్టింట్లో చిన్న వయసులోనే గుండెపోట్లు చూసినవాళ్లు అస్సలు ఆలస్యం చేయకూడదు.

గర్భంలో కొవ్వు పెరగడం దానికదే జబ్బు కాదు. ప్రకృతి చేసిన ఏర్పాటే. నెలలు పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. అప్పుడు తల్లి ఒళ్లు కొవ్వును కరిగించి తను వాడుకుంటూ, చక్కెరను బిడ్డకు వదిలిపెడుతుంది. లివరు కూడా మరింత కొవ్వు తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. అందుకే మామూలు రోజుల్లో 150 లోపు ఉండాల్సిన ట్రైగ్లిజరైడ్లు చివరి నెలల్లో రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అవుతాయి. షుగరు ఉన్న తల్లిలో ఇన్సులిన్ అడ్డుకట్ట ఇంకా బలహీనంగా ఉంటుంది. కొవ్వు కరగడం ఆగదు, లివరు తయారీ ఆగదు, రక్తంలో చేరింది త్వరగా ఖర్చు కాదు. మేలు చేసే హెచ్‌డీఎల్ అనే కొలెస్టరాల్ తగ్గుతుంది.

ఆ కొవ్వు తల్లి దగ్గరే ఆగిపోదు. మాయలో ఉండే ఎంజైములు దాన్ని విడగొట్టి బిడ్డకు అందిస్తాయి. పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ యాజ్నిక్ బృందం చేసి 2013లో ప్రచురించిన పరిశీలన దీనికి గట్టి సాక్ష్యం. వాళ్లు చూసింది బక్కపలచని తల్లులను. వాళ్లలోనూ బిడ్డ పుట్టే పరిమాణం మీద తల్లి చక్కెరతో పాటు కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్ల ప్రభావం కనిపించింది. “మా అమ్మాయి సన్నగా ఉంది, కొవ్వు ఎక్కడిది?” అనే ధీమా మన ఇళ్లలో బాగా వినిపిస్తుంది. ఆ ధీమా చెల్లదు. షుగరు ఉన్న గర్భిణుల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నప్పుడు బిడ్డ మరీ బరువుగా పుట్టడం, తల్లికి బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్లడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం ఎక్కువగా కనిపిస్తాయని ఎన్నో దేశాల పరిశీలనలు చెబుతున్నాయి.

అరుదుగా వచ్చేదే అయినా ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఇంకొకటుంది. ట్రైగ్లిజరైడ్లు 1000 దాటితే క్లోమం వాచిపోవచ్చు. 500 దాటినప్పుడే డాక్టరు పెద్ద ఆస్పత్రి సలహా తీసుకోవాలి. పై కడుపులో ఓర్చుకోలేని నొప్పి, అది వీపుకు పాకడం, ఆగని వాంతులు దీని గుర్తులు. గ్యాసు అనుకుని సోడా తాగిస్తూ, వాము నమిలిస్తూ ఒక్క గంట కూడా పోగొట్టకండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం బీపీకి గుర్తులు. ఏది కనిపించినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. కొవ్వు విపరీతంగా పెరిగే లోపం కొన్ని కుటుంబాల్లో వంశంలోనే వస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం అందితే జబ్బు తీవ్రంగా ఉంటుంది. మేనమామకో మేనబావకో పిల్లనిచ్చే ఆచారం తరతరాలుగా ఉన్న ఇళ్లలో ఈ సంగతి దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు తిండి సంగతి. మన జిల్లా రుచులు ఎవరికి తెలియవు? విరుదునగరం ఎణ్ణె పరోటా, సాత్తూరు కారాసేవు, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా. చూడవచ్చిన చుట్టాలు చేతిలో పెట్టేది ఇవే, సాయంత్రం ఇంటికి తెచ్చేది ఇవే. వీటిలో ప్రతిదానిలోనూ పిండో చక్కెరో నూనెతోనో పాలకొవ్వుతోనో కలిసే ఉంటుంది. గర్భంలో షుగరు వచ్చిన తల్లికి అంతకన్నా చెడ్డ జోడీ లేదు. అయితే నూనె ఒక్కటే దోషి అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ పొరపాటు చదువుకున్న ఇళ్లలోనే ఎక్కువ. నూనె పూర్తిగా మానేసి మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీలు, పళ్లరసం తీసుకుంటే ట్రైగ్లిజరైడ్లు తగ్గవు. ఒంటి అవసరానికి మించిన పిండిపదార్థాన్నీ చక్కెరనూ లివరు కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మామిడిపళ్ల కాలంలో గిన్నెడు ముక్కలు తిని “నూనె చుక్క ముట్టలేదు” అంటే లాభం లేదు.

అలాగని పస్తులుండకూడదు. ఇది ఇంకా గట్టిగా చెప్పాల్సిన మాట. కడుపు మాడ్చుకుంటే ఒళ్లు తన కొవ్వునే మరింతగా కరిగించి రక్తంలోకి వదులుతుంది. బిడ్డ మెదడుకూ కంటిచూపుకూ మంచి కొవ్వు కావాలి. అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. చేపలు తినే ఇళ్లలో చేప పులుసు పెట్టండి, వేపుడు వద్దు. రేషన్ పామాయిల్ వాడేవాళ్లు భయపడక్కరలేదు గానీ, వేరుశనగ నూనెకన్నా అందులో గడ్డకట్టే రకం కొవ్వు ఎక్కువ కాబట్టి కొలిచి పోయాలి. ఒకసారి కాగిన నూనెలో మళ్లీ వేయించకండి. డాక్టరు వద్దనకపోతే తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నీడపట్టున నడవండి. ఇద్దరి కోసం తినాలంటూ బలవంతంగా వడ్డించే అత్తమ్మలకు, అమ్మమ్మలకు చేతులెత్తి ఒక మాట: ఆ ప్రేమను ఈ తొమ్మిది నెలలూ కొలతగా చూపించండి.

తిండితో రెండు వారాల్లో షుగరు దిగకపోతే, అంటే తిన్న రెండు గంటలకు 120 లోపు రాకపోతే, మందు వాడాల్సిందేనని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇన్సులిన్ అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. దయచేసి వద్దనకండి. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డకు చేరదు. చక్కెరను దించడంతో పాటు కొవ్వు కరిగి రక్తంలోకి పొంగడాన్ని కూడా అదుపు చేస్తుంది. కొలెస్టరాల్ మాత్రల సంగతి వేరు. మామూలుగా వాడే స్టాటిన్లను గర్భంలో చాలామందికి ఆపేస్తారు. గర్భానికి ముందు నుంచీ వాడుతున్నవాళ్లు వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఒకటి రెండు వారాలు తెలియక వేసుకుంటే హడలిపోకూడదు, దాచకూడదు. మందుల షాపులో అడిగి ఏ కొవ్వు మాత్రా కొనకండి. రిపోర్టు పక్కన ముద్రించి ఉండే ‘నార్మల్’ అంకెలు గర్భిణుల కోసం వేసినవి కావు. ఎనిమిదో నెలలో ట్రైగ్లిజరైడ్లు 200, 250 కనిపించడం మామూలే. దాన్ని చూసి ఎవరూ నిద్ర పాడుచేసుకోవద్దు.

మన దగ్గర అసలు గండి పడేది కాన్పు తర్వాత. చెన్నైలోనో, హైదరాబాదులోనో, కోయంబత్తూరులోనో కాపురం చేస్తున్న పిల్ల కాన్పుకు రాజపాళయం పుట్టింటికి వస్తుంది. ఫైలు అక్కడ, కాన్పు ఇక్కడ. బిడ్డ పుట్టగానే చాలామందిలో షుగరు మామూలుకు వచ్చేస్తుంది. దాంతో ఫైలు బీరువాలోకి పోతుంది. నెయ్యి, బెల్లం, నువ్వులనూనె పోసి చేసిన ప్రసవ లేహ్యం పళ్లెంలోకి వస్తుంది. గర్భంలో షుగరు వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో శాశ్వతంగా షుగరు వచ్చే ప్రమాదం రానివాళ్లకన్నా దాదాపు ఏడు నుంచి పది రెట్లు. గుండెజబ్బు ప్రమాదం సుమారు రెట్టింపు, అదీ కాన్పయిన మొదటి పదేళ్లలోనే మొదలవుతుంది. దానికి దారి తీసేవాటిలో మనం లెక్కచేయని ఈ కొవ్వు కూడా ఒకటి. చనుబాలివ్వడం తల్లికీ మేలే, ఎన్ని నెలలు వీలైతే అన్ని నెలలు ఇవ్వాలి. కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్లు పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రల గురించి డాక్టరును ముందే అడగాలి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి.

ప్రభుత్వాస్పత్రిలో షుగరు తేలిన ప్రతి గర్భిణికీ డాక్టరు అవసరమన్నప్పుడు కొవ్వు పరీక్ష అక్కడే, ఖర్చు లేకుండా జరగాలి. విరుదునగరంలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడికి పంపాల్సిన కేసులను ఆలస్యం లేకుండా పంపాలి. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించిన నాటి నుంచీ ఈ ఊరు నూలు మిల్లుల మీద బతుకుతోంది. ఆ మిల్లుల్లో ఆడవాళ్ల చేతులు లేకుండా నూలు లేదు. కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయికైనా పరీక్ష రోజు జీతం కోయబోమని యజమానులు మాట ఇవ్వాలి.

బిడ్డకు ఆరు వారాల టీకా వేయించడానికి ఎలాగూ ఆస్పత్రికి వెళ్తారు. ఆ రోజే తల్లికి కూడా 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయించండి, రక్తంలో కొవ్వు ఎప్పుడు చూపించుకోవాలో డాక్టరును అడిగి తేదీ రాయించుకోండి. ఆ తర్వాత ఏటా తప్పకుండా చేయించుకోండి. భర్తలూ, అన్నదమ్ములూ, ఆ తేదీ గుర్తుపెట్టుకుని ఆమెను తీసుకెళ్లే బాధ్యత మీది.