చూడని ఊరికి దారి

మేరీలాండ్‌లో, వాషింగ్టన్ నగరానికి కాస్త దూరంలో, క్లాపర్ రోడ్ అని ఒకటుంది. ఇప్పుడు దాని చుట్టూ కాలనీలు వచ్చేశాయి గానీ, 1970లో అది చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పోయే పల్లెబాట. బిల్ డానోఫ్, టాఫీ నివర్ట్ అనే ఇద్దరు గాయకులు ఆ ఏడాది బంధువుల కలయికకి కారులో వెళ్తూ ఆ దారి మీదే ఒక పాట అల్లడం మొదలుపెట్టారు. పాటలోకి మేరీలాండ్ పేరు రాలేదు. డానోఫ్ పుట్టిపెరిగిన మసాచుసెట్స్ పేరు పెడదామా అన్న ఆలోచనా వచ్చింది, పోయింది. చివరికి వెస్ట్ వర్జీనియా నిలిచింది. ఆ మాట వరసలో చక్కగా ఇమిడింది మరి. అప్పటికి డానోఫ్ వెస్ట్ వర్జీనియాలో అడుగు పెట్టి ఉండలేదు.

ఆ పాటే ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’.

జానీ క్యాష్‌కి ఇద్దామనుకుని రాసుకున్న పాట అది. 1970 డిసెంబర్ చివర్లో వాషింగ్టన్‌లోని ‘సెల్లార్ డోర్’ అనే చిన్న క్లబ్బులో గాయకుడు జాన్ డెన్వర్ కచేరీలకి వచ్చాడు. ఒక రాత్రి కారు ప్రమాదంలో అతని బొటనవేలు విరిగింది. ఆసుపత్రి నుంచి ముగ్గురూ డానోఫ్ ఇంటికి వెళ్లారు, అక్కడ ఈ అసంపూర్తి పాట డెన్వర్ చెవిన పడింది, తెల్లారేసరికి ముగ్గురూ కూర్చుని పూర్తి చేశారు. మర్నాడు అదే క్లబ్బులో పాడారు. 1971 వేసవికల్లా అమెరికా పాప్ జాబితాలో రెండో స్థానానికి ఎక్కింది.

ఇక్కడిదాకా ఒక హిట్ పాట కథే. నన్ను ఆలోచనలో పడేసేది ఆ తర్వాత జరిగింది. 1973లో జమైకా రెగె బృందం టూట్స్ అండ్ ది మేటల్స్ వెస్ట్ వర్జీనియాని తీసేసి ‘వెస్ట్ జమైకా’ పెట్టి పాడింది. హవాయి గాయకుడు ఇజ్రాయెల్ కమకవివోఓలె తన దీవి పడమటి తీరంలోని మకాహా పేరు పెట్టుకున్నాడు. జపాన్‌లో 1995 నాటి ‘విస్పర్ ఆఫ్ ది హార్ట్’ అనే యానిమేషన్ సినిమా కథకి ఈ పాట కీలకం. జర్మనీలో బీరు పండగ గుడారాల్లో దీన్ని బల్లల మీద చరుస్తూ పాడతారు. 2022 నవంబర్ 13న మ్యూనిక్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగినప్పుడు దాదాపు 70 వేలమంది జర్మన్ ప్రేక్షకులు ఈ పాట అందుకున్నారు. ఆ వీడియో చూసి అమెరికావాళ్లే ముక్కున వేలేసుకున్నారు.

నేనూ దూరం నుంచి ఈ పాట పట్టుకున్నవాణ్నే. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో వరంగల్‌లో మా హాస్టల్లో మిజోరం కుర్రాడొకడు సెలవులు దగ్గరపడ్డప్పుడల్లా గిటార్ తీసి ఇదే పాడేవాడు. అతని ఇంటికి వెళ్లాలంటే రైళ్లు మారి, బస్సు మారి, మూడు నాలుగు రోజులు. నాది రేగడి నేల. కొండ అన్నది కంటికి ఆనదు. అయినా ఆ పల్లవి నాకు మా ఊరి చెరువుగట్టు మీది దారినే చూపించేది. వెస్ట్ వర్జీనియా ఎక్కడుందో పటంలో వెతికింది చాలా ఏళ్ల తర్వాత.

ఎందుకిలా? ఈ ప్రశ్నకి వినిపించే జవాబులు రెండు. రెండూ బలమైనవే, ఒకదాన్నొకటి కాదనుకునేవి కూడా.

పాటని ప్రేమించేవాళ్లు ముందు దాని కట్టుబడిని చూపిస్తారు. గిటార్ నేర్చుకునేవాడికి మొదటి నెలలోనే చేతికొచ్చే నాలుగైదు కార్డులతో పాటంతా నడిచిపోతుంది. చరణం మాట్లాడుతున్నట్టు కిందిస్థాయిలో సాగి, పల్లవికి వచ్చేసరికి గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. చాలా పాదాల చివర నోరు బాగా తెరిచి దీర్ఘం తీయడానికి వీలైన అచ్చులే ఉంటాయి. ఇంగ్లిష్ సరిగా రానివాడు కూడా ఆ దీర్ఘాల దగ్గర అందరితో కలిసిపోగలడు. డెన్వర్ ఉచ్చారణ కూడా ఎంత స్పష్టమంటే దక్షిణాది యాస, ముక్కుతో పలికే సాగదీత దాదాపు వినపడవు. బాంజో మోగుతుంది, పల్లె వాసన వస్తుంది, కానీ ఆ వాసన ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టదు.

దీనికంటే లోతైన కారణం ఒకటుంది. డానోఫ్ చిన్నప్పుడు మసాచుసెట్స్‌లో రాత్రిపూట రేడియో తిప్పుతుంటే వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణం నుంచి ప్రసారమయ్యే డబ్ల్యుడబ్ల్యువీఏ స్టేషన్ తగిలేది. అతనికి ఆ రాష్ట్రం అంటే చీకట్లో, వందల మైళ్ల అవతలి నుంచి, గరగరల మధ్య వినపడే పాటలే. పాట రాసినవాడే ముందు విదేశీ శ్రోతలాంటివాడు. టోక్యో పిల్ల, మ్యూనిక్ కుర్రాడు, మిజోరం విద్యార్థి ఈ పాటని ఎక్కడ నిలబడి వింటారో అతను అక్కడే నిలబడి రాశాడు. పాట మధ్యలో రేడియో ప్రస్తావన రావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. పాటలో మనిషి ఇల్లు చేరడు కూడా. కారులోనే ఉంటాడు, ఆలస్యమైపోయిందన్న దిగులుతో. ఇంటి గడప ఎలా ఉందో, వంటింట్లో ఏముందో వర్ణించి ఉంటే అది వెస్ట్ వర్జీనియా ఇల్లే అయ్యేది. దారిలోనే ఆపేశాడు కాబట్టి ఆ దారి చివర ఎవరిల్లు వాళ్లు పెట్టుకున్నారు.

ఇప్పుడు రెండో పక్షం. దీన్ని నేను తేలిగ్గా తీసేయలేను.

పాటలో వినపడే బ్లూ రిడ్జ్ కొండలు, షెనాండోవా నది వెస్ట్ వర్జీనియా తూర్పు కొసని మాత్రమే తాకుతాయి. రాష్ట్రపు గుండెకాయ వేరే చోట, బొగ్గు లోయల్లో ఉంది. పాట పుట్టిన కాలంలో అక్కడ ఏం జరుగుతోంది? 1968 నవంబర్‌లో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయారు. పాట వచ్చిన మరుసటి ఏడాది, 1972 ఫిబ్రవరి 26న, బఫెలో క్రీక్ లోయ ఎగువన బొగ్గు కంపెనీ కట్టిన మురుగుకట్ట తెగి నల్లటి నీళ్లు ఊళ్ల మీద పడ్డాయి. 125 మంది కొట్టుకుపోయారు. ఈ రెండు ఘోరాల మధ్య వచ్చిన పాటలో గని కార్మికుడు ఒక నీడలా, ఒక్క మాటలో దాటిపోతాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కొండ శిఖరాలనే పేల్చి బొగ్గు తీసే పద్ధతి ఆ రాష్ట్రాన్ని కమ్ముకుంది. పాట కొండల్ని అమ్మలా పిలుస్తూనే ఉంది.

అదే 1971లో జాన్ ప్రైన్ ‘పారడైజ్’ అనే పాట చేశాడు. కెంటకీలో తన తల్లిదండ్రుల పల్లె బొగ్గు తవ్వకానికి ఎలా మాయమైందో అందులో జిల్లా పేరుతో, నది పేరుతో, కంపెనీ పేరుతో సహా చెప్పాడు. అదీ ఊరికి తీసుకెళ్లమని అడిగే పాటే. జవాబు మాత్రం ఊరు లేదు అని. పాట తెలిసినవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకుంటారు, కానీ బీరు గుడారాల్లో బల్లలు చరుస్తూ పాడరు. కుబుసం సినిమాలో గోరటి వెంకన్న పల్లె మీద రాసిన పాట విన్న తెలుగువాళ్లకి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. కుమ్మరి, కమ్మరి, సాలె అంటూ ఒక్కో వృత్తీ కూలిపోవడం చెప్పే ఆ పాట మనల్ని ఏడిపిస్తుంది. ఆ వృత్తుల పేర్లు తెలియనివాడికి అందులో సగం అందదు. నిజాన్ని పేరుపెట్టి చెప్పిన పాట ఊరి పొలిమేర దాటడానికి ఇబ్బంది పడుతుంది, పేర్లు తగ్గించుకున్న పాట ప్రపంచం చుట్టి వస్తుంది అన్నది ఈ పక్షం ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.

నాష్‌విల్ కంట్రీ సంగీతకారుల అభ్యంతరం వేరు. పాప్ జాబితాలో రెండో స్థానానికి ఎక్కిన పాట కంట్రీ జాబితాలో 50వ స్థానం దాటలేదు. 1974లో ఆస్ట్రేలియాలో పెరిగిన ఒలీవియా న్యూటన్-జాన్‌కి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గాయని అవార్డు ఇస్తే పాతతరం గాయకులు విడిగా సంఘం పెట్టుకున్నారు. 1975లో డెన్వర్‌ని ఆ ఏటి మేటి కళాకారుడిగా ప్రకటించాల్సిన చార్లీ రిచ్, పేరున్న కాగితాన్ని వేదిక మీదే లైటర్‌తో కాల్చాడు. నిరసనా, మరేదైనానా అన్న వాదన ఇంకా తెగలేదు. న్యూ మెక్సికోలో పుట్టిన సైనికాధికారి కొడుకు, అసలు పేరు డాయిషెన్‌డార్ఫ్, పల్లెపాట వారసుణ్నని ఎలా అంటాడు అన్నది వాళ్ల బాధ. ఈ వాదన మీద నాకంత గౌరవం లేదు. పాటకి పుట్టుమచ్చలు వెతికితే ఏ దేశపు జానపదమూ మిగలదు. బొగ్గు లోయల వాదన అలా కాదు. అది చనిపోయినవాళ్ల గురించి.

అయితే ఆ లోయలవాళ్లు ఈ పాటని ఏం చేశారో కూడా చూడాలి. 1950లో వెస్ట్ వర్జీనియా జనాభా 20 లక్షలు. 1970కి 17 లక్షల 44 వేలకి పడిపోయింది. గనుల్లోకి యంత్రాలొచ్చి పనులు పోతే జనం ఒహాయో టైర్ల ఫ్యాక్టరీలకి, డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలకి తరలిపోయారు. శుక్రవారం షిఫ్టు దిగి రాత్రంతా కారు నడిపి ఊరెళ్లి, ఆదివారం మళ్లీ బయల్దేరడం వేల కుటుంబాలకి అలవాటు. పాటలోని మనిషి వాళ్లకి ఊహ కాదు. బయటివాడు ఊహించి రాసిన దిగులు, లోపలివాళ్ల వారాంతపు ప్రయాణంతో అతికినట్టు సరిపోయింది. 1972 నుంచి వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం ఆటల్లో ఇది మోగుతోంది. 1980లో మోర్గాన్‌టౌన్‌లో కొత్త స్టేడియం తెరిచిన రోజు డెన్వర్ స్వయంగా వచ్చి పాడాడు. 2014లో శాసనసభ దీన్ని అధికారిక రాష్ట్ర గీతాల్లో చేర్చింది. తమ పటం తప్పుగా గీసిన పాట అని వాళ్లకి తెలియదనుకోవడం అవమానం. తెలిసే స్వీకరించారు. వాళ్ల కొండల పేరు మరో దేశంలో ఎవరైనా నవ్వకుండా, ప్రేమగా పలికింది ఈ పాట వల్లనే. కొండవాళ్లు, మొరటువాళ్లు అని హేళన పడ్డ జనానికి అది చిన్న విషయం కాదు.

డెన్వర్ మీద కూడా ఒక మాట. ‘పారడైజ్’ని అతను 1972లోనే తన ఆల్బమ్‌లో పాడాడు. పేర్లు పెట్టిన నిజం అతనికి తెలుసు, దాన్ని గొంతులోకి తీసుకున్నాడు కూడా. రెండు పాటలూ ఒకే గొంతులోంచి వచ్చాయి. ప్రపంచం ఒకదాన్నే పట్టుకుపోయింది. ఆ ఎంపిక మనది, శ్రోతలది.

అందరికంటే నిజాయితీగా ఈ చిక్కుని పట్టుకున్నది జపాన్ సినిమా అనుకుంటాను. అందులో బడిపిల్ల షిజుకు ఈ పాటని జపనీస్‌లోకి తిప్పడానికి కుస్తీ పడుతుంది. ఆమె ఉండేది టోక్యో పడమటి శివారు. చెట్లు నరికి, లోయలు పూడ్చి కట్టిన అపార్ట్‌మెంట్లు. సొంతూరంటే ఏమిటో తనకి తెలియదని ఆ పిల్లకి తెలుసు. అందుకే ముందు సరదాగా కాంక్రీటు దారుల మీద ఒక పేరడీ రాస్తుంది. చివరికి నిలిచిన జపనీస్ పాటలో అర్థం తలకిందులైంది: ఈ దారి ఆ ఊరికే వెళ్తుందని తెలిసినా, నేను వెళ్లను అంటుంది. ఊరు వదిలి ఒంటరిగా బతకడానికి గుండె దిటవు చేసుకున్న మనిషి పాట అయింది. అరువు తెచ్చుకున్న దిగులుని యథాతథంగా వాడుకోకుండా, తన దగ్గర లేనిది లేదని ఒప్పుకున్న అనువాదం అది. జమైకా బృందం గాయకుడు టూట్స్ హిబ్బర్ట్ చేసిందీ ఒకరకంగా ఇదే. వెస్ట్ వర్జీనియాని మెచ్చుకుంటూ కూర్చోలేదు, తన దీవి పేరు రాసుకున్నాడు.

నా మొగ్గు అందుకే మొదటి పక్షానికి. కానీ పూర్తిగా కాదు. దారిలో ఆగిపోయే పాట ఎవరికైనా చోటిస్తుంది. ఆ చోటులో సొంత ఊరి పేరు పెట్టుకున్నవాళ్లు పాటకి అన్యాయం చేయలేదు. పాటలోంచి తీసిన మాటల్ని రాష్ట్ర పర్యాటక శాఖ నినాదంగా వాడుకున్నప్పుడు, తెర మీద పచ్చటి కొండలే కనిపించి పేల్చేసిన శిఖరాలు కనిపించనప్పుడు మాత్రం నాకు బఫెలో క్రీక్ గుర్తొస్తుంది. ఆ పాట పాడే ప్రతివాడూ ఆ పేరు తెలుసుకోవాలని శాసించలేం. నేను తెలుసుకున్నాక పాడటం మానలేదు. ముందులా పాడటమూ కుదరడం లేదు.

మోర్గాన్‌టౌన్‌లో జట్టు గెలిచిన రోజుల్లో ఆట అయ్యాక ఎవరూ ఇళ్లకి కదలరు. ఆటగాళ్లూ ప్రేక్షకులూ కలిసి నిలబడి పాట మొత్తం పాడతారు. 2010కీ 2020కీ మధ్య జనాభా శాతంలో అమెరికా రాష్ట్రాలన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది వెస్ట్ వర్జీనియానే. ఆ గుంపులో పాడుతున్న పిల్లల్లో చాలామంది డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగాల కోసం కొండలు దిగిపోతారు. ఇవాళ సొంత నేల మీద నిలబడి పాడుతున్న పాటని, రెండేళ్లు తిరక్కుండానే, ఏ షార్లట్‌లోనో పిట్స్‌బర్గ్‌లోనో కారు నడుపుతూ రేడియోలో వింటారు.