చప్పుడు తగ్గాలంటే బస్సులు పెరగాలె

కోచింగ్ కోసం హైదరాబాద్ వచ్చిన కొత్తల దిల్‌సుఖ్‌నగర్‌ల మెయిన్ రోడ్డు మీద రూమ్ తీసుకున్న. లోపలి గల్లీల రూమ్‌ల కంటే కిరాయి తక్కువ. ఎందుకు తక్కువనో మొదటి రాత్రే సమజైంది. లారీలు, బస్సులు, సైలెన్సర్ పీకేసిన బండ్లు. అర్ధరాత్రి రెండు దాటినా కన్ను మూతపడలే. ఊర్లె కీచురాళ్ల చప్పుడుకు పండుకున్నోన్ని, పట్నంల చెవుల్ల దూది పెట్టుకొని చదువుకున్న.

అప్పుడు ఇది నా ఒక్కని బాధ అనుకున్న. కాదు. దీనికి రూల్ ఉన్నది. కేంద్రం 2000ల తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్లున్న కాడ పగటిపూట 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక 45 దాటొద్దు. దవాఖానలు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్. ఆడ పగలు 50, రాత్రి 40.

డెసిబెల్ లెక్క మాత్రం మనం అనుకున్నట్టు ఉండది. 55 ఉండాల్సిన కాడ 75 ఉంటే ‘ఇరవయ్యే కదా ఎక్కువ’ అనిపిస్తది. కానీ పది పెరిగిన ప్రతిసారి శబ్దం శక్తి పది రెట్లు అయితది. ఇరవై పెరిగితే వంద రెట్లు. ఏండ్ల తరబడి గా చప్పుట్ల బతికితే నిద్ర చెడుతది, బీపీ పెరుగుతది, గుండె జబ్బుల ముప్పు కూడా ఎక్కువైతది. చెవుడు ఒక్కటే కాదు సమస్య.

ఎవలనడిగినా ఒక్కటే మాట: ‘మనోళ్లకు బుద్ధి లేదు, ఊకె హారన్ కొడ్తరు’. నిజమే, కొంతవరకు. పనిలేకున్నా హారన్ కొడితే, సైలెన్సర్ లేకుండ పొగ వదిలితే మోటారు వాహన చట్టంల మొదటిసారి వెయ్యి, మళ్ల దొరికితే రెండు వేల జరిమానా ఉన్నది. ముంబై పోలీసులు ఒకసారి సిగ్నల్‌కు డెసిబెల్ మీటర్ కట్టిన్రు. హారన్ల మోత 85 దాటితే రెడ్ లైట్ మళ్ల మొదటికొచ్చేది. మిజోరం రాజధాని ఐజ్వాల్‌లనైతే ఇరుకు కొండ రోడ్ల మీద కూడా బండ్లు వరుసగ నిలబడతయి, హారన్ కొట్టుడు చానా తక్కువ. మనసు పెడితే అయితదని దీన్ని చూస్తే తెలుస్తది.

కానీ జరిమానాతోనే అయిపోయే ముచ్చట కాదిది. అసలు రోడ్డు మీద గిన్ని బండ్లు ఎందుకున్నయి? మన ఊరి పోరగాడు పట్నం రాంగనే ముందుగాల ఏం కొంటడు? బండి. ఎందుకంటే టైంకు బస్సు రాదు. హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లు ఉన్నది, మంచిగనే ఉన్నది. కానీ స్టేషన్ దిగినంక రూమ్‌కు నడిచిపోదామంటే ఫుట్‌పాత్ ఉండది. యాభై మంది ఒక్క బస్సుల పోతే ఒక్క ఇంజన్, ఒక్క హారన్. అదే యాభై మంది బండ్లమీద పోతే యాభై ఇంజన్లు, యాభై హారన్లు.

ఎలక్ట్రిక్ బండ్లొస్తే అంతా సల్లబడుతదని కొందరంటరు. అది సగమే నిజం. మెల్లగ పోయేటప్పుడు ఎలక్ట్రిక్ బండి చప్పుడు చెయ్యది. స్పీడ్ పెరిగినంక టైరు, రోడ్డు ఒరుసుకునే మోతే ఎక్కువ ఉంటది. దానికి కూడా హారన్ ఉండనే ఉంటది. అందుకే ఎలక్ట్రిక్‌తోటి ఎక్కువ లాభం సిటీ బస్సుల్లనే. స్టాప్ స్టాప్‌కు ఆగి, మళ్ల గుర్రుమని లేసే డీజిల్ బస్సు జాగల ఎలక్ట్రిక్ బస్సు వస్తే తేడా చెవికే తెలుస్తది. మిగిలింది స్పీడ్. పారిస్‌ల 2021 నుంచి చానా రోడ్ల మీద గంటకు 30 కిలోమీటర్ల హద్దు పెట్టిన్రు. మన దగ్గర పగలు ట్రాఫిక్‌ల ఎట్లనూ మెల్లగనే పోతం. హద్దు కావాల్సింది రాత్రిపూట. రోడ్డు ఖాళీగ ఉండేది, బండ్లు ఉరికేది, జనం నిద్రపోయేది అప్పుడే కదా.

ఇంకో మాట. అద్దాలెక్కిచ్చి ఏసీ ఏసుకున్న కారోనికి బయటి మోత సగం కూడా ఇనపడది. మరి గా మోతంత ఎవల చెవుల్ల పడుతుంది? ట్రాఫిక్ కానిస్టేబుల్, ఆటో అన్న, రోడ్డు పక్కన మిర్చి బండి అక్క, డెలివరీ బండి మీద పొద్దందాక తిరిగే మన తమ్ముడు. నిమిషాల్ల తెచ్చియ్యాలని మెడ మీద కత్తి పెడితే వాడు హారన్ కొట్టకుండ ఎట్ల పోతడు? మోత చేసేది వాడే, మోత మోసేది కూడా వాడే.

అందుకే నేనంటున్న, ఫ్లైఓవర్ కంటే ముందు బస్సు అడుగుదాం, నడిచేటందుకు ఫుట్‌పాత్ అడుగుదాం. ఫ్లైఓవర్ ఏస్తే బండ్లు ఇంకిన్ని వస్తయి, చప్పుడు రెండో అంతస్తుల కిటికీ దాక ఎక్కుతది. ఇగ మన చేతుల ఉన్న పని ఒకటున్నది. పండుగకు ఊరికి పోయేటప్పుడు సైలెన్సర్ పీకిన బండి మోత మన వాడకట్టుకు తీస్కపోవద్దు. ఆడ మంచానబడ్డ ముసలవ్వ ఉంటది, పరీక్షకు చదివే చెల్లె ఉంటది. నాకు పట్నంల కరువైన నిద్ర వాళ్లకన్నా మిగలాలె.