ఎండల చదువు

"ఎండావానలకు కూడా ఎం.ఏ. ఏమిటండీ?" అని నవ్వారు మా పొరుగాయన. ఉన్నది మరి! న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం వారు 2004లో 'శీతోష్ణస్థితి, సంఘం' అనే ఎం.ఏ. ప్రారంభించారు. ఎండావానల లెక్క కట్టడంతో ఆ చదువు తీరిపోదు. ఆ లెక్క రైతుకూ, వైద్యుడికీ ఎట్లా అక్కరకు వస్తుందన్నదీ అక్కడ పాఠమే.

2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా బలి అయ్యారు. వాతావరణశాఖ వారు హెచ్చరిస్తూనే ఉన్నారు. అయితేనేం, కూలి మానితే పొయ్యి వెలగని మనిషి ఎండలోకి పోక ఏం చేస్తాడు? పనివేళలు మార్చేదెవరు? నీడా నీళ్ళూ అమర్చేదెవరు? వీటికి థర్మామీటరు జవాబు చెప్పదు.

అందుకే ఆ చదువు మనకూ కావాలి. చదివినవాడు ఆ సంగతిని కూలిమనిషికి అర్థమయ్యే తెలుగులో చెప్పగలగాలి. ఆ పనిలో మాబోటి తెలుగు మేష్టర్లకూ వాటా ఉన్నది.