ఎల్స్ లేని ఇఫ్‌తో చదువు మొదలుపెట్టొద్దు

నేను వికారాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా ఇల్లు తాండూరులో. పరిగి, పెద్దేముల్, యాలాల, బషీరాబాద్ వైపు నుంచి వచ్చే పిల్లలకు పుస్తకంలోని ఫ్యాక్టోరియల్ కంటే మార్కెట్ తక్‌పట్టీ బాగా తెలుసు. అందుకే ప్రోగ్రాం రాయమని నేనిచ్చే మొదటి లెక్క కందుల మీదే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో కందుల తేమ 12 శాతం దాటకూడదు. 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. రైతులు ఒకరి వెనుక ఒకరు వస్తున్నారు. ఎవరికి ఎంత చెల్లించాలి?

సీ భాష నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఒకే తీరుగా రాస్తారు. పైన ‘మొత్తం’ అనే వేరియబుల్ పెట్టుకుంటారు. ఇఫ్‌తో, తేమ 12కు మించకపోతే క్వింటాళ్లను 8,000తో గుణించి అందులో వేయమంటారు. మించితే ఏం చేయాలో చెప్పే ఎల్స్ ఎక్కడా రాయరు. కంపైలర్ కిక్కురుమనదు. 20 క్వింటాళ్లు తెచ్చిన మొదటి రైతుకు 1,60,000 వస్తుంది, సరే. వెనకాలే 14 శాతం తేమ ఉన్న కందులతో వచ్చిన రైతుకు కొత్త విలువేదీ వేయలేదు కాబట్టి పాత 1,60,000 అలాగే ఉండిపోయి అతని చీటీ మీదా అచ్చవుతుంది.

“ఎల్స్ రాయకుంటే ఏమైతది సార్?” అని అడుగుతారు పిల్లలు.

“సరుకు వాపస్ పోయినోళ్ల చేతికి లక్షా అరవై వేల చీటీ పోతది బిడ్డా!” అంటాను.

ఇదే లెక్కను హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషలో చేయిస్తే కథ మారుతుంది. అక్కడ ఇఫ్ అంటే ‘ఈ పని చెయ్’ అనే ఆజ్ఞ కాదు. బడిలో చదివిన బీజీయ సమాసం లాంటిదే, చివరికి ఒక విలువ తేలాలి. ‘మొత్తం = ఇఫ్ తేమ <= 12 దెన్ క్వింటాళ్లు * 8000 ఎల్స్ 0’. ఇందులో ఎల్స్ తీసేస్తే ప్రోగ్రాం నడిచేదాకా పోదు, కంపైలరే ఆపేస్తుంది. ఓకామెల్ అనే మరో ఫంక్షనల్ భాషలో ఎల్స్ వదిలేయొచ్చు గానీ, దెన్ వైపు సంఖ్య ఉంటే టైపు కలవలేదని తిప్పి పంపుతుంది. షరతు నెగ్గనప్పుడు సంగతేమిటో రాసేవాడు చెప్పి తీరాలి. మాస్టారు పక్కన నిలబడి గుర్తుచేయాల్సిన పని ఉండదు.

దీని వెనుక పాత చరిత్ర ఉంది. 1957–58 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ ఫోర్ట్రాన్ భాషలో చదరంగం ఎత్తుల ప్రోగ్రాం రాస్తూ, షరతును బట్టి రెండు విలువల్లో ఒకటి ఇచ్చే ఫంక్షన్ తయారుచేసుకున్నాడు. కానీ ఫోర్ట్రాన్ ఆ రెండింటినీ ముందే లెక్కగట్టేది. అక్కర్లేని లెక్క కూడా జరిగేది. కావాల్సిన వైపు మాత్రమే లెక్కించే షరతు సమాసం ఆలోచన అలా పుట్టి, లిస్ప్ భాషపై 1960లో అచ్చయిన ఆయన పత్రానికి వెన్నెముక అయింది.

“క్యాంపస్ ఇంటర్వ్యూలో హాస్కెల్ ఎవరడుగుతారు?” అంటారు తోటి లెక్చరర్లు. అడగరు, నిజమే. అయితే వాళ్లు అడిగే భాషలూ ఈ దారికే వస్తున్నాయి. పైథాన్‌లో షరతు సమాసం 2006లో 2.5 వెర్షన్‌తో వచ్చింది. జావాలో స్విచ్ నుంచి నేరుగా విలువ తీసుకునే పద్ధతి 2020లో 14వ వెర్షన్‌తో స్థిరపడింది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్‌లో ఇఫ్ విలువను వాడుకోవాలంటే ఎల్స్ తప్పనిసరి. అంతెందుకు, సీలోనే ప్రశ్నార్థకం, కోలన్‌తో రాసే షరతు సమాసం ఉంది. దానికీ రెండు వైపులా విలువ కావాలి. మన పాఠాల్లో దాన్ని ఓ మూలన చెప్పి దాటేస్తాం.

ఇబ్బందులు లేవనను. హాస్కెల్‌లో ‘రెట్టింపు 3 + 1’ అని రాస్తే 8 రాదు, 7 వస్తుంది. ఫంక్షన్ ముందు పక్కనున్న 3నే పట్టుకుంటుంది, కూడిక ఆ తర్వాతే. బ్రాకెట్లకు అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడ తడబడతారు. ఇఫ్‌లో ఇఫ్, అందులో ఇంకో ఇఫ్ దూర్చితే ఏ భాషలోనైనా చదవలేం. దానికి మందు ఫంక్షనల్ భాషల్లోనే ఉంది. పీటర్ లాండిన్ 1966లో ప్రతిపాదించిన ఐస్విమ్ భాషలో, అసలు సమాసం ముందు రాసి, అందులోని పేర్ల వివరాలు ‘వేర్’ కింద ఇచ్చే వీలుంది. హాస్కెల్‌లో ఇప్పటికీ అదే పద్ధతి. హమాలీ ఎంత, నికరం ఎంత అని ముక్కముక్కకూ పేరు పెడితే లెక్క తేటపడుతుంది.

ఇదంతా నేర్పడానికి కొత్త ల్యాబ్ అక్కర్లేదు. ఎక్సెల్ చాలు. గడిలో సమం గుర్తు పెట్టి రాసేదంతా సమాసమే. తాండూరు నాపరాయి పొడవు, వెడల్పు అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే చదరపు అడుగులు వస్తాయి. ఆ ఫార్ములా రాయగలిగిన పిల్లవాడు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో అడుగుపెట్టినట్టే. పైగా 2020 చివర్లో మైక్రోసాఫ్ట్ ‘లాంబ్డా’ అనే ఫంక్షన్‌ను ప్రకటించాక, సొంత ఫంక్షన్లనూ ఫార్ములాగానే రాసే వీలు ఎక్సెల్‌కు వచ్చింది. ఆ పనిలో హాస్కెల్ రూపకర్తల్లో ఒకరైన సైమన్ పేటన్ జోన్స్ చెయ్యి ఉంది.

అందుకే డిగ్రీ సిలబస్ రాసేవాళ్లను అడుగుతున్నాను. సీ, జావా ఉండనివ్వండి. వాటికి ముందు రెండు వారాలు సమాసాలకు ఇవ్వండి, ఒక వారం ఎక్సెల్, ఒక వారం హాస్కెల్. పరీక్షలో ‘ఈ ప్రోగ్రాం ఏం అచ్చువేస్తుంది?’ అని అడుగుతున్న చోట ‘ఈ లెక్కలో జవాబు దొరకని రైతు ఎవరు?’ అని ఒక ప్రశ్న ఇవ్వండి. రేపు బ్యాంకులకు, ఆసుపత్రులకు, మార్కెట్ కమిటీలకు ప్రోగ్రాములు రాయబోయేది ఈ పిల్లలే. షరతుకు బయట మిగిలిపోయినవాళ్ల సంగతి అడిగే అలవాటు మొదటి సెమిస్టర్‌లోనే పడాలి.