మమ్మల్ని సంబాళించడం కష్టమా?

బర్క్‌లీ విశ్వవిద్యాలయంలోని సెటీ ఎట్ హోమ్ బృందానికి,

గ్రహాంతర జీవుల సంకేతాల కోసం మీరు చేసే వెతుకులాటకు సాయపడుతున్న మా ఇంటి కంప్యూటర్లకు మార్చి 31 తర్వాత కొత్త పని పంపబోమని ఈ నెల 2న ప్రకటించారు. కావలసినంత డేటా చూడడం అయిపోయిందట, ఇంకా చూసినా ఒరిగేది తక్కువట, ఇంతమందికి పని పంచడం మీకు పెద్ద పనట. ఈ చివరి మాటే మింగుడుపడడం లేదు. 1999 మే నుంచి ఊరికే లెక్కలు కట్టిపెట్టినవాళ్ళం ఇప్పుడు బరువయ్యామా?

నేను శాస్త్రవేత్తను కాను, సిస్టమ్‌లు విప్పి బిగించుకునే పిచ్చి ఉన్నవాణ్ణి. మీ ప్రోగ్రామ్ స్క్రీన్ సేవర్‌గా వచ్చిన రోజుల్లో డయలప్ మీద మూడొందల నలభై కేబీల డేటా ముక్క దిగేదాకా ఇంట్లో ఎవర్నీ ఫోను ముట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆ ముక్కలో ఉండేది ఆరెసిబో రేడియో టెలిస్కోపు డిష్ విన్న 107 సెకన్ల రొద, అదీ 1420 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 10 కిలోహెర్ట్జ్ మేర. ఆకాశంలో ఒక చోటు డిష్ చూపులోంచి దాటిపోవడానికి 12 సెకన్లు పడుతుంది కాబట్టి, అక్కణ్ణుంచి వచ్చిన సంకేతమైతే ఆ వ్యవధిలో మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాలి. తటాలున లేచి తటాలున పడితే ఏ రాడారో అయి ఉంటుంది. సంకేతం పంపే గ్రహం తిరుగుతుంటే పౌనఃపున్యం జారుతుంది కనక, రకరకాల జారుడు రేట్లతో అదే ముక్కను మళ్ళీ మళ్ళీ లెక్క కట్టాలి. నా పెంటియం పగలూ రాత్రీ అదే పని. ఆ గ్రహాలవాళ్ళు కరెంటు బిల్లు కూడా కడతారా అని మా ఇంట్లో అడిగేవారు.

2005లో బోయింక్ అనే సాఫ్ట్‌వేర్‌కు మారమన్నారు, మారాం. అంతకుముందు చేసిన ముక్కలు మా పనికి మీరిచ్చే కొత్త క్రెడిట్‌లో కలపలేదు, సరేనన్నాం. మంగళవారం వస్తే సర్వర్లు ఆపేవారు, ఓపిక పట్టాం. 1993లో అమెరికా కాంగ్రెస్ నాసా చేసే ఇలాంటి వెతుకులాటకు డబ్బు ఆపించిందని, మీరు గుప్పెడుమంది చందాల మీద లాక్కొస్తున్నారని మాకు తెలియనిది కాదు.

కానీ మేం పంపినవాటి సంగతేమిటి? మా కంప్యూటర్లు ఏరిపెట్టిన వందల కోట్ల సంకేతాల్లోంచి భూమ్మీది రొదను తీసేసే పని మీ వంతు కదా, అది ఇన్నాళ్ళూ ఎందుకు వెనకబడింది? ఇప్పుడు వ్యాసం రాస్తామంటున్నారు. ఎప్పుడు? మాలాంటివాళ్ళం చదివి అర్థం చేసుకునేలా ఉంటుందా? గ్రహాంతర జీవులు దొరక్కపోతే నాకేం దిగులు లేదు. ఏ పౌనఃపున్యంలో, ఎంత బలమైన సంకేతం దాకా వెతికి లేదంటున్నారో చెబితే అదీ ఫలితమే. అది కూడా చెప్పకుండా దుకాణం సగం మూస్తే ఎలా?

పోనీ, డేటా లేదా? గ్రహాంతర సంకేతాల కోసమే వెతికే బ్రేక్‌త్రూ లిజన్ మీ బర్క్‌లీ నుంచే నడుస్తోంది. గ్రీన్ బ్యాంక్ టెలిస్కోప్‌లో అది రికార్డు చేసినవి కొన్ని మాకూ పంపారు. ఇంకా పంపడానికి ఏమడ్డం? మీ ఖగోళ శాస్త్రవేత్తలెవరైనా మా యంత్రాలు వాడుకుంటామంటే మళ్ళీ మొదలుపెడతామని రాశారు. ఎవరినైనా అడిగారా? అడిగితే ఏమన్నారు?

మీలాగే వాలంటీర్ల కంప్యూటర్లతో నడిచే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌వాళ్ళు 2010లో పల్సార్ దొరికినప్పుడు, అది ఎవరెవరి కంప్యూటర్లలో పట్టుబడిందో పేర్లతో సహా ప్రకటించారు. ఏప్రిల్ నుంచి నా సిస్టమ్ వాళ్ళకే. మీ సంగతి మీరే ఏదో ఒకటి తేల్చి చెప్పండి.

ఇట్లు,
ఒక పాత వాలంటీరు
హైదరాబాదు, మార్చి 2020